తొందరేముంది, పిల్లలేగా

'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న పెద్దమనిషికి ఫైలు నడక తెలీదు, పాపం. బెంగళూరులో ప్రత్యేక అవసరాల పిల్లల విభాగానికి కొత్తగా వచ్చిన జిల్లా అధికారులకు మా విన్నపం ఒకటే: కంగారు పడకండి.

వినికిడి సంగతే చూడండి. పుట్టిన నెలలోపు పరీక్ష, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు సాయం మొదలు. దీన్ని 1-3-6 నియమం అంటారు. నెలలు అన్నచోట ఏళ్లు అని చదువుకుంటే ఏ గడువూ దాటదు. ఇంట్లోవాళ్లు ఎలాగూ మన పక్షమే: 'వీడి మేనమామకీ నాలుగేళ్లకే మాటలొచ్చాయి.'

పిల్లల్లో లోపాలను ముందే కనిపెట్టేందుకు 2013లో మొదలైన ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. దాని బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. ఆ రోజు బిడ్డకు జ్వరమొస్తే ఆరు నెలలు కలిసొస్తాయి. బిడ్డ వచ్చి, పై పరీక్షలకు చీటీ రాయించుకున్నా భయం లేదు. మారతహళ్లి షెడ్డులో ఉండే అనంతపురం తల్లి రోజుకూలీ వదులుకుని, రెండు బస్సులు మారి, ఆ పరీక్షలూ థెరపీ జరిగే జిల్లా కేంద్రానికి వెళ్తుంది. థెరపిస్టు సెలవు. ఇంకోసారి రాదు. 'తల్లిదండ్రుల సహకారం లేదు' అని రాసుకోండి. ఏ ఫైలుకైనా అతికే వాక్యం.

పరీక్ష మాత్రం కన్నడలోనే పెట్టండి. 'బెక్కు ఎల్లిదె?' అంటే, పిల్లిని మాత్రమే ఎరిగిన తెలుగు పిల్లవాడు బొమ్మ చూపించడు. భాషాలోపం అని టిక్కు పెట్టేయొచ్చు. నిజంగానే మాట వెనకబడిన పాపను 'ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, అందుకే' అని ఇంటికి పంపేయొచ్చు. లేని లోపం పుట్టించడం, ఉన్నది మాయం చేయడం, రెండూ ఒకే ఫారంతో! రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావనీ, ఇంటి భాషలోనూ పరీక్షించాలనీ తెలిసిన స్పీచ్ థెరపిస్టు ఎవరైనా అడ్డుపడితే ట్రైనింగుకి పంపండి.

వినికిడి యంత్రాలు శిబిరంలో పంచండి, ఫొటో బాగా వస్తుంది. చిన్నపిల్లల చెవి పెరుగుతుంది, యంత్రాన్ని చెవిలో నిలిపే అచ్చు పెరగదు. కొన్ని నెలలకే వదులై కీచుమంటుంది, పాప పీకేస్తుంది, యంత్రం బీరువా చేరుతుంది. కొత్త అచ్చులకూ బ్యాటరీలకూ పద్దు పెట్టకపోవడమే ఇందులో కిటుకు.

టీచర్ల సంగతి సులువు. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక టీచరును పది బళ్లు తిప్పితే అదీ 1:10 నిష్పత్తేగా!

ఇక ప్రతి బిడ్డకూ విడిగా రాసే చదువు ప్రణాళిక, ఐఈపీ. 'ఎనిమిది వారాల్లో, అడగ్గానే ఐదు బొమ్మల్లో నాలుగింటిని చూపాలి' అని ఎవరైనా రాస్తే వెంటనే కొట్టేయండి. ఎనిమిదో వారం ఎవరో వచ్చి లెక్కపెడతారు. 'చదువు మెరుగుపడాలి' చాలు. జిరాక్సుకీ అనువు.

ర్యాంపు వాలు 1:12 ఉండాలట. రెండడుగుల అరుగుకు 24 అడుగులు! ఆరడుగుల్లో ముగించండి. ప్రారంభోత్సవం రోజు దాన్ని ఎక్కేది ఎమ్మెల్యేగారు, చక్రాల కుర్చీ కాదు.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఉచిత విద్యకు 18 ఏళ్ల వరకూ హక్కిచ్చింది. ఫైలును అంతదాకా లాక్కొస్తే, పైన 'వయసు దాటింది' అని రాసి, సంతకం చేసి, రికార్డు గదికి పంపొచ్చు.