వామనుడు అడిగిన మూడు పర్మిషన్లు

2018 ఏప్రిల్‌లో అప్పటి త్రిపుర ముఖ్యమంత్రి బిప్లబ్ దేవ్ గారు మహాభారత కాలంలోనే ఇంటర్నెట్ ఉందని సెలవిచ్చారు. హస్తినలో కూర్చున్న ధృతరాష్ట్రుడికి సంజయుడు కురుక్షేత్రం సంగతులు చెప్పాడంటే నెట్ లేకుండా ఎలా కుదురుతుందని ఆయన వాదన. దేశమంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆయన మీద నా ఫిర్యాదు వేరు. టెక్నాలజీని పట్టుకున్నారు గానీ దాని వెనకున్న వ్యాపారాన్ని వదిలేశారు. పద్దెనిమిది రోజుల యుద్ధంలో సంజయుడు ఒక్క యాడ్ వెయ్యలేదు. (మొదటి పది రోజుల కథా భీష్ముడు పడ్డాకే చెప్పాడు కాబట్టి అది లైవ్ కాదు, రికార్డింగ్ అనే పండితులతో నాకు పేచీ లేదు.) అభిమన్యుడు పద్మవ్యూహంలోకి దూరగానే ఆపేసి, మిగతాది చూడాలంటే నెలకింత కట్టండి అనలేదు. అంత దండగమారి సర్వీసును ఇంటర్నెట్ అంటే ఎవరు ఒప్పుకుంటారు?

అసలు సాక్ష్యం బలి చక్రవర్తి యాగశాలలో ఉంది.

పొట్టి వటువు వచ్చాడు. చేతిలో గొడుగు, కమండలం, నోట్లో తియ్యటి మాటలు. అడిగింది మూడంటే మూడు అడుగులు. టార్చ్ యాప్ కూడా మన ఫోన్లోకి ఇంతే వినయంగా వస్తుంది. కాంటాక్ట్స్ చూడనిస్తారా, లొకేషన్ చూడనిస్తారా, మైకు వాడుకోనిస్తారా అంటుంది. చీకట్లో చెప్పులు వెతుక్కోవడానికి మైకెందుకని మనం అడగం. బలి కూడా అడగలేదు, దాతలకు అది మర్యాద కాదు. మొదటి అడుగులో అత్తగారు, పాలవాడు, చీటీలు నడిపే ఆవిడతో సహా మనకు తెలిసిన భూలోకమంతా పోతుంది. రెండో అడుగు ఆకాశంలోని ఉపగ్రహం దాకా వెళ్లి, మనం ఏ సందులో ఉన్నామో చూసి వస్తుంది. మూడోదానికి తల తప్ప ఏమీ మిగలదు. రాత్రి పన్నెండున్నరకు రీల్స్ చూస్తూ వంగిపోయిన తల పాదానికి సరిగ్గా అందే ఎత్తులోనే ఉంటుంది.

బలికి మాత్రం మనకు లేని సౌకర్యం ఒకటి ఉండేది. నిబంధనలూ షరతులూ ఆసాంతం చదివిన గురువు పక్కనే ఉన్నాడు. వద్దన్నాడు. వినకపోతే తుమ్మెదై కమండలం కొమ్ములో దూరి నీటిధార ఆపాడు. దర్భతో పొడిస్తే కన్ను పోయింది. ప్రైవసీ గురించి నోరెత్తినవాడికి ఏం జరుగుతుందో అప్పుడే ఖాయమైపోయింది. ఇప్పుడు ఆ ఉద్యోగం ప్లస్‌టూ చదివే కూతుళ్లది. "అలౌ నొక్కకు నాన్నా" అంటుంది పిల్ల. "నొక్కకపోతే ముందుకెళ్లట్లేదే" అంటాడు తండ్రి. ఆ కాలంలో ఇదే మాట పద్యంలో చెప్పేవారు, అంతే తేడా.

మా బరంపురం వాళ్లం వేషాలకు కొత్తవాళ్లమేం కాదు. రెండేళ్లకోసారి అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర వచ్చిందంటే ఊరంతా దేవుళ్లూ రాక్షసులూ పులులే. పులి వేషం వేసేవాడు మొక్కు తీర్చుకుంటున్నానని చెప్పే వేస్తాడు. యాత్ర అయ్యాక రంగు కడుక్కుని కొట్టు తెరుస్తాడు. పులి వేషంలో మనిషి వస్తే మాకు బెదురు లేదు. 'ఫ్రీ' అనే వేషంలో పులి వస్తేనే పోల్చుకోలేకపోతున్నాం.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందని అనకూడదు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. 2023లో డేటా రక్షణ చట్టం చేశారు. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలుండాలని అందులో ఉంది. 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాకు మారిన ఊరు మాది. తెలుగు బోర్డు కనబడితే పని లేకపోయినా ఆగి చదువుతాం. (మా పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. అది వేరే ఏడుపు.) అలాంటి మాకు చట్టప్రకారం మాతృభాషలో మోసపోయే హక్కు దక్కింది. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలని కూడా అదే చట్టం అంటోంది. బలి ధారపోసిన నీళ్లు తిరిగి కమండలంలోకి ఎక్కడం ఎవరైనా చూశారా?

వెనక్కి తీసుకోవడం ఎలా ఉంటుందో మా పక్క జిల్లా పరశురాముణ్ణి అడగాలి. భూమంతా గెలిచి కశ్యపుడికి దానమిచ్చాడు. పుచ్చుకున్న కశ్యపుడు, ఇక ఈ నేల నాది, నువ్విక్కడ ఉండకూడదన్నాడు. పాపం ఆయన మహేంద్రగిరి ఎక్కి తపస్సుకు కూర్చున్నాడు. చిరంజీవి కదా, ఇప్పటికీ గజపతి జిల్లాలోని ఆ కొండ మీదే ఉన్నాడని నమ్మకం. మా పట్టు నేతగాళ్లకు ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు. చీర ఫొటో ఆన్‌లైన్ అంగట్లో పెట్టాక, కొన్నదెవరు, ఏ ఊళ్లో ఏ రంగు పోతోంది, ఏ పండక్కి ఎంత ధరకు ఆగకుండా కొంటారు అన్న లెక్కంతా కశ్యపుడిదే. నేసినవాడికి కమీషన్ పోగా మిగిలిన డబ్బు వస్తుంది. దాంతోపాటు తన చీర కిందే 'ఇలాంటివే మరికొన్ని' అంటూ సగం ధరకు మరమగ్గం చీర కనిపిస్తుంది. పరశురాముడే నయం, కొండకైనా పోగలిగాడు. నేతగాడు యాప్ తీసేస్తే అతను ఒక్కడే బయటికొస్తాడు, లెక్కలు రావు.

అయినా పురాణం బలికి మరీ అన్యాయం చెయ్యలేదు. సుతలానికి పంపాక విష్ణువే స్వయంగా అతని వాకిట కావలి నిలబడ్డాడు. మన కంపెనీలు కథంతా పాటించి, ఈ ఒక్క షరతు దగ్గర మర్చిపోయాయి. కాబట్టి నా ప్రతిపాదన ఏమిటంటే, మన డేటా పుచ్చుకున్న ప్రతి కంపెనీ అధిపతీ బరంపురం వచ్చి ఒక్కో ఇంటి ముందు వాచ్‌మన్‌గా ఉండాలి. ఉద్యోగి అనం, గౌరవంగా 'పార్ట్‌నర్' అంటాం. నెల జీతం, పీఎఫ్ లాంటివి ఉండవు, గేటు తీసినప్పుడల్లా ఇంతని ఇస్తాం. వానలో ఇన్సెంటివ్ ఉంటుంది, ఎంతన్నది వాన వెలిశాక చెబుతాం. గొడుగు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, వామనుడు తెచ్చుకోలేదా? తలుపు తీయడం ఆలస్యమైతే ఇంటావిడ ఒక స్టార్ తీసేస్తుంది. ఎందుకు తీసేశారమ్మా అని అడిగే బటన్ మాత్రం పెట్టడం లేదు.