వంతు మారితే రైతు ఫోన్‌కి తెలియాలి

దాళ్వాలో, అంటే రబీ వరి పంటకాలంలో, గోదావరి తగ్గిందంటే డెల్టాకి సీలేరు నీళ్లే దిక్కు. అవీ చాలని ఏడాది కాలువలకు వంతులు పెడతారు. ఫలానా కాలువకు ఇన్ని రోజులు నీళ్లు, తర్వాత ఇన్ని రోజులు కట్టు, అంటే నీళ్లు ఆపడం. ఆ పట్టిక ఫొటోగా మారి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. పైనుంచి నీళ్లు తగ్గి వంతు వెనక్కి జరిగితే ఇంకో ఫొటో వస్తుంది, పాతది కూడా గ్రూపులోనే ఉంటుంది. వరి పొట్ట దశలో ఉండగా ఉప్పలగుప్తం, అల్లవరం శివారు రైతు ఏ ఫొటోని నమ్ముకుని ఇంజను అద్దెకు మాట్లాడుకోవాలి?

ఈ పట్టిక క్యాలెండర్‌గా ఫోన్‌లోకి రావాలి. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. క్యాలెండర్ వివరాలు రాసే ఐక్యాలెండర్ పద్ధతి 1998 నుంచి ఉంది. వాటిని సర్వర్‌కీ ఫోన్‌కీ మధ్య మార్చుకునే కాల్‌డావ్ 2007లో ఆర్‌ఎఫ్‌సీ 4791 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చింది. ఐఫోన్‌కి ఇది నేరుగా తెలుసు. ఆండ్రాయిడ్‌లో అయితే డావ్‌ఎక్స్5 లాంటి యాప్ పెట్టుకోవాలి. అసలు పనంతా సర్వర్ లోపల, కాల్‌డావ్ ప్రోటోకాల్‌కీ వంతులు దాచే డేటాబేస్‌కీ మధ్య ఉండే ఇంటర్‌ఫేస్‌లో ఉంది.

చాలామంది డెవలపర్లు దాన్ని మూడు ఫంక్షన్లతో మొదలుపెడతారు: తీసుకురా, దాచు, తీసెయ్. సింక్ (ఫోన్‌నీ సర్వర్‌నీ ఒకేలా ఉంచడం) సంగతి తర్వాత చూద్దాం అనుకుంటారు. నా ఉద్దేశంలో ముందు రాయాల్సిందే అది. "ఈ టోకెన్ తర్వాత ఏమేం మారాయి?" అన్న ప్రశ్నకు 2012 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6578 ప్రకారం సర్వర్ జవాబు చెప్పగలగాలి. టోకెన్ అంటే ఫోన్ కిందటిసారి ఎక్కడివరకు తీసుకుందో తెలిపే గుర్తు. రద్దయిన వంతును డేటాబేస్‌లోంచి పూర్తిగా చెరిపేస్తే, అది పోయిందని ఫోన్‌కి చెప్పడానికి సర్వర్ దగ్గర ఏమీ మిగలదు. రైతు ఫోన్‌లో మాత్రం ఆ వంతు అలాగే ఉంటుంది. అందుకే తీసేసిన వాటి గుర్తులు కూడా దాచాలి. టోకెన్ మరీ పాతదైతే చెల్లదని చెప్పి, మొత్తం మళ్లీ తీసుకోమనడం నయం.

ఆఫీసు మీటింగుకీ కాలువ వంతుకీ పెద్ద తేడా ఉంది. సోమవారం మీటింగు మంగళవారానికి మారినంత మాత్రాన పైవారం మీటింగు కదలదు. వంతు రెండు రోజులు జరిగితే దాని వెనకున్నవన్నీ జరుగుతాయి. ఐదు రోజులు నీళ్లు, ఐదు రోజులు కట్టు అనుకుందాం. ఐక్యాలెండర్‌లో అది పది రోజులకోసారి వచ్చే ఒకే ఈవెంట్. "ఇక్కడి నుంచి అన్నీ మార్చు" అనే సూచన ప్రమాణంలో ఉన్నా, అన్ని యాప్‌లూ దాన్ని సరిగా పట్టించుకోవు. పాత వరసను ఒక తేదీతో ఆపి, కొత్త వరస మొదలుపెట్టడమే క్షేమం. అంటే రెండు ఫైళ్లు రాయాలి. రెండింటినీ కలిపి ఒకే దఫాలో రాసే వీలు కాల్‌డావ్‌లో లేదు. మొదటిది రాశాక నెట్ పోతే, కాలువకు ఇక నీళ్లే లేనట్టు ఫోన్‌లు చూపిస్తాయి! శివారు పల్లెల్లో ఆ పూట టెన్షన్ ఎలా ఉంటుందో డెల్టా వాళ్లకు చెప్పక్కర్లేదు. కాబట్టి నీటిపారుదల సిబ్బంది వాడే పేజీ ఆ రెండు మార్పులనూ ఒకే ట్రాన్సాక్షన్‌గా (పడితే రెండూ పడాలి, లేకపోతే ఏదీ పడకూడదు) పంపేలా, రెండింటికీ ఒకే టోకెన్ పడేలా లోపలి ఇంటర్‌ఫేస్‌లో ఏర్పాటు ఉండాలి. ఈ ఒక్క విషయంలో రాజీ పడకూడదు.

ఇద్దరు ఒకే వంతును దిద్దే ఇబ్బందికి మందు ముందే ఉంది. ప్రతి ఫైలుకూ ఈట్యాగ్ అనే వెర్షన్ గుర్తు ఉంటుంది. దిద్దేవాళ్ల దగ్గరున్నది సర్వర్‌లోని దానితో సరిపోలకపోతే సర్వర్ 412 అనే ఎర్రర్‌తో తిప్పికొడుతుంది.

తేదీల లెక్క మాత్రం జాగ్రత్తగా చూడాలి. రోజంతా ఉండే ఈవెంట్‌కి ఐక్యాలెండర్ రాసుకునే ముగింపు తేదీ ఆ ఈవెంట్‌లోకి రాదు. 6 నుంచి 10 వరకు నీళ్లంటే ముగింపు 11 అని రాయాలి. పట్టికలో ఉన్నట్టు 10 అని ఎక్కిస్తే ఫోన్ 9తోనే ఆపేస్తుంది. నీళ్లు ఆఖరున చేరే శివారు బోదెకు ఆ చివరి రోజే ముఖ్యం. ఈ సర్దుబాటు టైపు చేసే మనిషికి వదలకుండా సర్వరే చేయాలి.

సర్వర్ సిద్ధమని చెప్పేముందు ఒక పరీక్ష పెట్టాలి. ఒక మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌ని పది రోజులు నెట్ లేకుండా ఉంచి, ఈలోగా ఒక వంతు జరిపి, ఇంకోటి రద్దు చేయాలి. నెట్ తిరిగి వచ్చాక సింక్ అయితే పాత తేదీల్లో ఒక్కటి కూడా తెర మీద మిగలకూడదు.