"ఇంట్లోనే ఒక బీరు పోస్తే హద్దు తెలుస్తుంది" అనేవాళ్లకు

వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న సలహా ఇది: "పదహారేళ్ల కుర్రాడు దొంగచాటుగా తాగేకంటే తండ్రే ఇంట్లో ఒక బీరు పోస్తే హద్దు తెలుస్తుంది. బీరంటే మందేం కాదు. యూరప్‌లో అంతా ఇంతే. మరీ ఎక్కువైతే మజ్జిగ పట్టించి పడుకోబెడితే తెల్లారేసరికి దిగిపోతుంది."

ముందు బీరు సంగతి. సీసా మీది శాతం చూడండి. 7 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో అసలు ఆల్కహాల్ 45 మి.లీ. పైమాటే. 42.8 శాతం విస్కీలో అంత రావాలంటే 106 మి.లీ. పొయ్యాలి, అంటే మూడున్నర చిన్న పెగ్గులు. కొడుక్కి అంత విస్కీ పొయ్యడానికి ఏ తండ్రికీ చెయ్యి రాదు. నురగతో వస్తే మాత్రం "ఒక్క బీరే కదా".

యూరప్ అంటారా? మందు కొనే వయసును నెదర్లాండ్స్ 2014లో (బీరు, వైన్‌కు) 16 నుంచి 18కి, లిథువేనియా 2018లో 20కి పెంచాయి. చిన్నప్పటి అలవాటు అంత మేలే చేస్తుంటే ఆ అవసరం ఎందుకొచ్చినట్టు?

హద్దు మాటకొస్తే, ఆస్ట్రేలియాలో దాదాపు 1,900 మంది పిల్లలను ఆరేళ్లు గమనించి 2018లో ఫలితాలు ప్రకటించారు. అమ్మానాన్నలు పోసినందువల్ల పిల్లలకు ఏ రక్షణా కనబడలేదు. పైగా అలాంటి పిల్లలే తర్వాతి ఏడాది బయటివాళ్ల దగ్గర కూడా తెచ్చుకోవడం ఎక్కువగా కనిపించింది.

చట్టం గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 21 నిండనివాళ్లకు మందు అమ్మకూడదు. 18 లోపు పిల్లలకు డాక్టరు చెబితే తప్ప మద్యం ఇస్తే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 77 కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. తండ్రయినా సరే.

అన్నిటికంటే ప్రమాదం ఆ మజ్జిగ మాట. పెద్దవాళ్ల కాలేయమే గంటకు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ను తొలగిస్తుంది. పైన చెప్పిన బీరులో 36 గ్రాములుంది. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం, ఏవీ ఆ వేగాన్ని పెంచవు. తాగడం ఆపాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. అందుకే "పడుకున్నాడులే" అనుకున్న గంటకు పరిస్థితి ముదరొచ్చు. వెల్లకిలా పడుకున్నవాడికి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పక్కకు తిప్పండి, పైకాలు మోకాలి దగ్గర మడవండి, నోరు నేలవైపు ఉంచండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. ఒంటరిగా వదలొద్దు.

గిల్లినా పలకకపోయినా, ఊపిరి నిమిషానికి 8 సార్ల కంటే తగ్గినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య 10 సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఏం తాగాడో, ఎంతో, మాత్రలేమైనా మింగాడేమో వచ్చినవాళ్లకు దాచకుండా చెప్పండి.