స్లీప్‌లో పెడితే సిస్టమ్ పాడవదు

"లేచి వెళ్లేటప్పుడు కంప్యూటర్‌ని స్లీప్‌లో పెట్టకండి. మళ్లీ లేచేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. హార్డ్ డిస్క్ అరిగిపోతుంది. స్క్రీన్ సేవర్ చాలు. కరెంటు పోతే పనంతా పోతుంది." విజయవాడ గవర్నర్‌పేట డీటీపీ షాపుల్లో, గుంటూరు బ్రాడీపేట కోచింగ్ సెంటర్లలో చాలామంది నమ్ముతున్న వాట్సాప్ మెసేజ్ ఇది. అప్పు చేసి కొన్న సిస్టమ్ నాలుగేళ్లు ఎక్కువ రావాలనే జాగ్రత్తతోనే నమ్ముతున్నారు. అందుకే జవాబు చెప్పాలి.

స్లీప్ అంటే తెరిచిన పనిని అలాగే ఉంచి సిస్టమ్ దాదాపుగా ఆగిపోవడం. ముందు కరెంటు సంగతి. స్విచ్ వేసిన క్షణంలో ఎక్కువ లాగడం నిజమే, కానీ అది రెప్పపాటు కూడా ఉండదు. పూర్తిగా ఆపిన సిస్టమ్ ఆన్ అవడానికి రెండు నిమిషాల పాటు 150 వాట్లు తీసుకుంటుందని ఎక్కువే వేసుకుందాం. అంటే యూనిట్‌లో 200వ వంతు. డెస్క్‌టాప్, మానిటర్ కలిసి ఊరికే 80 వాట్లు తింటుంటే, నాలుగు నిమిషాల్లోపే అంత కాలిపోతుంది. స్లీప్ నుంచి లేవడానికి అంత కూడా పట్టదు. స్లీప్‌లో ఉన్నంతసేపూ అయ్యేది రెండు మూడు వాట్లు. రాత్రి 8కి కట్టేసి పొద్దున 10కి తెరిచే షాపులో ఐదు సిస్టమ్‌లు ఆన్‌లో వదిలితే నెలకు 168 యూనిట్లు. స్లీప్‌లో పెడితే ఆరు. పైగా ఆ కరెంటంతా వేడిగా మారి గదిలోనే ఉంటుంది. మే నెల బెజవాడలో ఆ వేడిని బయటికి పంపడానికి ఏసీ మళ్లీ కరెంటు తినాలి.

హార్డ్ డిస్క్ భయం పాతది. పాత డెస్క్‌టాప్ డిస్కులే 50,000 సార్లు ఆగి మళ్లీ తిరిగినా తట్టుకుంటాయని కంపెనీలు లెక్క ఇచ్చేవి. రోజుకు పదిసార్లయినా పదమూడేళ్లు. హార్డ్ డిస్క్ బదులు ఇప్పుడు వస్తున్న ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు.

స్క్రీన్ సేవర్ పుట్టింది పాత డబ్బా మానిటర్ల తెరమీద బొమ్మ అచ్చు పడకుండా. ఇప్పటి ఎల్‌సీడీలో బొమ్మ కదులుతున్నా వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. 1992లో అమెరికా పర్యావరణ సంస్థ మొదలుపెట్టిన కరెంటు పొదుపు పథకం ఎనర్జీ స్టార్ లెక్కలో మానిటర్ 15 నిమిషాల్లో ఆగాలి, కంప్యూటర్ 30 నిమిషాల్లో స్లీప్‌లోకి వెళ్లాలి. సెట్టింగ్స్‌లో అంతే పెట్టుకోండి.

నాలుగో మాటలో నిజముంది. స్లీప్‌లో పని ర్యామ్‌లో, అంటే కరెంటు ఉన్నంతసేపే నిలిచే మెమరీలో ఉంటుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కి కరెంటు పోతే అదీ పోతుంది. ఆన్‌లో వదిలినా పోయేదే కదా! లేచేముందు సేవ్ కొట్టండి. ఎక్కువసేపు వెళ్తే హైబర్నేట్ చేయండి: పని డిస్క్‌లోకి చేరుతుంది, ప్లగ్ పీకినా ఉంటుంది. విండోస్‌లో ఆ ఆప్షన్ కనిపించకపోతే కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో టిక్ పెట్టాలి. ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని గుంటూరు బస్సెక్కేవాళ్లకూ ఇదే మంచిది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లు స్లీప్‌లో కూడా లోపల పనిచేస్తూ బ్యాగులో వేడెక్కుతాయి.

షాపులో అందరూ వాడే ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా ఉన్న సిస్టమ్‌ని మాత్రం పనివేళల్లో స్లీప్‌లో పెట్టొద్దు, మిగతావాళ్ల పని ఆగిపోతుంది. దాని మానిటర్ ఒక్కటే ఆపండి.