పెట్టె అందం కాదు, రూల్‌బుక్ చూసి డబ్బు కట్టండి

కిక్‌స్టార్టర్, గేమ్‌ఫౌండ్, బ్యాకర్‌కిట్. వస్తువు తయారుకాకముందే దానికి జనం నుంచి డబ్బు సేకరించే (క్రౌడ్‌ఫండింగ్) ఈ మూడు వేదికల్లో ఏది తెరిచినా, ఏ వారం చూసినా కొత్త బోర్డు గేములు వరసగా మద్దతు అడుగుతుంటాయి. ఒక్క కిక్‌స్టార్టర్‌లోనే 2021లో ఈ ఆటలకు జనం కట్టిన డబ్బు 27 కోట్ల డాలర్ల దాకా ఉంది. పేజీ తెరవగానే కళ్లు చెదిరే చిత్రాలు, ఇంకా పోత కూడా పోయని ప్లాస్టిక్ బొమ్మల కంప్యూటర్ రూపాలు, హోరెత్తే సంగీతంతో వీడియో. వీటిలో ఏది మంచి ఆటో, ఏది మంచి ప్రకటనో తేల్చుకోవడం కష్టం. డిజైన్ పూర్తయి, అచ్చుకీ రవాణాకీ మాత్రమే డబ్బు అడుగుతున్న ఆటకే మద్దతు ఇవ్వాలన్నది నా వాదన. డబ్బు వచ్చాక ఆట తయారుచేస్తామనే వాళ్లని, వాళ్లు ఎంత పేరున్నవాళ్లయినా, ఆగమని చెప్పాలి.

ముందు ఈ పద్ధతి ఏమిటో చూద్దాం. కిక్‌స్టార్టర్‌లో లక్ష్యం చేరితేనే డబ్బు తయారీదారుకు వెళ్తుంది, చేరకపోతే ఎవరి జేబులోంచీ పైసా కదలదు. చేరిన మొత్తంలో 5 శాతం వేదిక తీసుకుంటుంది, కార్డు చెల్లింపుల ఖర్చు దానికి అదనం. ఇది దుకాణం కాదని కిక్‌స్టార్టర్ 2012లోనే స్పష్టంగా ప్రకటించింది. కానీ చాలామంది ఇప్పటికీ దీన్ని ముందస్తు బుకింగ్ లాగే చూస్తున్నారు. నిజానికి మనం మోస్తున్నది పెట్టుబడిదారుడి నష్టభయం. ఆట బాగా అమ్ముడుపోతే లాభంలో వాటా రాదు, మునిగిపోతే వసూలు చేసుకోవడానికి గట్టి దారీ లేదు. కాబట్టి డబ్బు కట్టేముందు రుణమిచ్చేవాడు అడిగేపాటి ప్రశ్నలైనా అడగాలి.

అమెరికాలో 2012లో ‘ది డూమ్ దట్ కేమ్ టు అట్లాంటిక్ సిటీ’ అనే ఆట 35 వేల డాలర్లు అడిగితే 1.22 లక్షలకు పైగా వచ్చాయి. మరుసటి ఏడాది ప్రాజెక్టు రద్దయిందన్న కబురు వచ్చింది. ఆ డబ్బులో చాలా భాగం నిర్వాహకుడి ఇంటి అద్దెకూ సొంత ఖర్చులకూ పోయిందని వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2015లో ఆ కేసు రాజీతో ముగిసింది. క్రౌడ్‌ఫండింగ్ మీద ఆ సంస్థ తీసుకున్న మొదటి చర్య అదే. అయితే ఆ ఆట డిజైన్ ముందే సిద్ధంగా ఉంది. డిజైనర్లు వేరు, డబ్బు చేతిలో పెట్టుకున్న మనిషి వేరు. తర్వాత క్రిప్టోజోయిక్ అనే సంస్థ అదే ఆటను అచ్చువేసి, మోసపోయిన మద్దతుదారులకు ఉచితంగా పంపింది. అంటే ఆట పూర్తయిందా అన్న ప్రశ్న పక్కనే ఇంకో ప్రశ్న కూడా ఉండాలి: దాన్ని అచ్చువేయించి గడప దాకా చేర్చడం వీళ్లకు తెలుసా?

తెలిసినవాళ్లు ఎలా ఎదుగుతారో గ్లూమ్‌హేవన్ చూపించింది. ఐజాక్ చిల్డ్రెస్ 2015లో ఈ ఆటకు సుమారు 3.86 లక్షల డాలర్లు సేకరించాడు. చెప్పిన ఆట చేతికొచ్చింది, ఆడినవాళ్లు మెచ్చుకున్నారు. 2017లో రెండో ముద్రణకు దాదాపు 40 లక్షల డాలర్లు వచ్చాయి. 2020లో దాని తర్వాతి ఆట ఫ్రాస్ట్‌హేవన్‌కు 83 వేల మంది కలిసి దాదాపు 1.3 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఆ మూడు అంకెల మధ్య ఉన్నది మాట నిలబెట్టుకున్న చరిత్ర. అంత నమ్మకం సంపాదించిన ఫ్రాస్ట్‌హేవన్ కూడా అనుకున్న గడువు కంటే చాలా ఆలస్యంగా ఇళ్లకు చేరిందన్నది మరచిపోకూడదు. ఈ రంగంలో గడువు తేదీని ఆశగా చదవాలి తప్ప హామీగా కాదు.

నాకు అన్నిటికంటే ఆశ కలిగించేవి చిన్న ఆటలు. అమెరికాలో బటన్ షై అనే చిన్న ప్రచురణ సంస్థ పర్సులో పట్టే ఆటల్ని కిక్‌స్టార్టర్ ద్వారా తెస్తుంటుంది. వాటిలో స్ప్రాలోపోలిస్ 2018 నాటిది. మొత్తం ఆట 18 కార్డులే. ప్రతి కార్డుకూ ఒకవైపు నాలుగు గళ్లుంటాయి: ఇళ్లు, దుకాణాలు, కర్మాగారాలు, పార్కులు. గళ్ల మీదుగా రోడ్లు పోతుంటాయి. రెండోవైపు ఒక షరతు, ఒక అంకె. ఆట మొదట్లో మూడు కార్డుల్ని తిప్పి షరతుల వైపు పైకి పెడతారు. ఆ మూడు అంకెలు కలిపితే వచ్చేదే ఆ పూట గెలవాల్సిన స్కోరు. మిగిలిన 15 కార్డుల్ని ఒకదాని పక్కన ఒకటిగా, అవసరమైతే ఒకదాని మీద ఒకటిగా పేర్చుకుంటూ అందరూ కలిసి ఒకే నగరాన్ని కడతారు. ఒకే రకం గళ్లు ఎంత పెద్ద గుంపుగా కలిస్తే అన్ని పాయింట్లు, రోడ్డు ఒక్కోదానికి ఒక పాయింటు కోత. కష్టం ఎంతో నిర్ణయించేదీ ఆ కార్డులే, ఆట బోర్డూ ఆ కార్డులే. పావు లేదు, పాచిక లేదు. ఇలాంటి ఆటలో దాచిపెట్టడానికి ఏమీ ఉండదు. కార్డుల ఫైలును ఇంట్లో ప్రింటు తీసుకుని, కత్తిరించి, ఓ గంట ఆడితే బాగుందో లేదో తేలిపోతుంది. తయారీదారు తప్పటడుగు వేసినా మద్దతుదారుడికి పోయేది పెద్దగా ఏమీ ఉండదు.

పెద్ద ఆటలూ ఇదే నిజాయితీ చూపగలవు. లెడర్ గేమ్స్ 2017లో తెచ్చిన రూట్ అడవి జంతువుల అధికార పోరాటం. ఒక్కో ఆటగాడికి ఒక్కో రకం నియమాలు, ఒక్కో గెలుపు దారి. ఇంత చిక్కైన ఆటను ఎవరైనా ఇంట్లోనే అచ్చువేసుకుని పరీక్షించుకునేలా సంస్థ ఫైళ్లను ఉచితంగా ఇచ్చింది. రెండు పక్షాలకు వేర్వేరు నియమాలన్న ఆలోచన మన పులిజూదం ఆడినవాళ్లకు కొత్తేం కాదు: మూడు పులులు, పదిహేను మేకలు, ఎవరి బలం వారిది. తరతరాల ఆటగాళ్లు ఆ సమతూకాన్ని సరిచేశారు. కొత్త ఆటకు అంత కాలం ఉండదు కాబట్టే, అచ్చుకు వెళ్లకముందే వందల మంది దాన్ని ఆడి ఉండాలి.

ఇక భారీ పెట్టెలు. డబ్బు పెరిగే కొద్దీ బొమ్మలు పెంచుతామనే స్ట్రెచ్ గోల్స్ ఇక్కడ అసలు ఉచ్చు. ప్రతి కొత్త బొమ్మకూ పోత పోసే అచ్చు కావాలి, బరువు పెరుగుతుంది, ఓడలో స్థలం పెరుగుతుంది. వసూలు మాత్రం ప్రచారం ముగిసిన రోజునే ఆగిపోతుంది. కోవిడ్ తర్వాత కంటైనర్ ధరలు అమాంతం పెరిగినప్పుడు చాలా సంస్థల లెక్కలు తలకిందులయ్యాయి. డార్కెస్ట్ డంజన్ బోర్డు గేముకు డబ్బు తీసుకున్న మిథిక్ గేమ్స్ 2022లో మద్దతుదారుల్నే మళ్లీ అదనంగా కట్టమంది. 2025 ఏప్రిల్‌లో చైనా సరుకు మీద అమెరికా సుంకం 145 శాతానికి చేరింది. తర్వాతి నెలలో తగ్గించినా, అప్పటికే డబ్బు తీసుకుని చైనాలో అచ్చువేయించిన వాళ్లు ఇరుక్కుపోయారు. ప్లాస్టిక్ బొమ్మల ఆటలకు పెట్టింది పేరైన సీమోన్ సంస్థ కొత్త ప్రచారాలు ఆపేసింది, తన ఆట జాంబిసైడ్‌ను అస్మోడీ అనే మరో ప్రచురణ సంస్థకు అమ్ముకుంది. వీళ్లు అనుభవం లేనివాళ్లు కారు. నిన్నటి ఆట ఖర్చుకు రేపటి ఆట వసూళ్ల మీద ఆధారపడే లెక్క ఎక్కడున్నా, ఒక్క దెబ్బకే కూలుతుంది.

మన దేశం నుంచి ఈ బాటలో గట్టిగా నడిచింది ముంబైలోని మీమెసిస్ కల్చర్ ల్యాబ్. జైన్ మేమన్ రూపొందించిన ‘శాసన్’ 2019లో కిక్‌స్టార్టర్‌కు వచ్చింది. ఆటగాళ్లు రాజకీయ నాయకులు. విధానాల మీద వచ్చే ప్రశ్నలకు అవుననో కాదనో చెప్పాలి. ఆ జవాబుల్ని బట్టి నిధులు, మీడియా, పలుకుబడి, నమ్మకం చేతికొస్తాయి. వాటితో ఓటర్లను కొనాలి. ఎన్నికలంటే ఊరంతా కదిలే మన దగ్గర పుట్టాల్సిన ఆటే అది. కానీ ఇండియా చిరునామాతో, ఇండియా బ్యాంకు ఖాతాతో కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టడానికి వీల్లేదు. ఆ వేదిక అనుమతించే మరో దేశంలో సంస్థ, ఖాతా ఉండాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒంటరిగా ఆట తయారుచేసే కుర్రవాడికి ఆ తలుపు మూసినట్టే. కొనేవాళ్ల కష్టం వేరు: పెట్టె ధరకు రవాణా, కస్టమ్స్ సుంకం, పన్ను కలిస్తే లెక్క ఎక్కడికో పోతుంది. అందుకే ఇక్కడి ఆటగాళ్లు నలుగురైదుగురు కలిసి ఒకరి పేరు మీద గ్రూప్ ప్లెడ్జ్ చేస్తుంటారు.

ఆ తలుపు తెరుచుకునే దాకా మన డిజైనర్లు ఆగనక్కర్లేదు. కార్డుల అచ్చుకు శివకాశి ఉంది. పావులకు వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది: అంకుడు కర్రను తిప్పుతూ చెక్కి, సహజ రంగుల లక్క పూసే ఆ పనితనానికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేత్తో తిప్పిన పావు చైనా ప్లాస్టిక్‌తో ధరలో పోటీ పడలేకపోవచ్చు. కానీ మూడు నాలుగు వందల పెట్టెల చిన్న ముద్రణకు బొమ్మ అచ్చుల ఖర్చు లేకపోవడమే పెద్ద ఊరట. 2025 సెప్టెంబరు 22 నుంచి బోర్డు ఆటల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కూడా. రూల్‌బుక్ తెలుగులో రాసి ముందే అందరికీ చదవనిచ్చి, ప్రింటు తీసుకునే ఫైలు ఉచితంగా పెట్టి, ముద్రణాలయం ఇచ్చిన కొటేషన్ బయటపెట్టి, వెయ్యి రూపాయల లోపు ధరకు నాలుగు వందల మందిని అడిగే ఆట ఒకటి రావాలి. స్ట్రెచ్ గోల్స్ ఏమీ వద్దు. అలాంటి ఆటకు నేను మొదటి రోజే డబ్బు కడతాను, నా చుట్టూ ఉన్న ఆటగాళ్లందరి చేతా కట్టిస్తాను.