పడవ వెనుక ఎంత బరువు మోయగలదు?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజుల్లోనే వలలు బాగుచేసుకోవాలి, పడవకు రంగు వేయాలి, వీలైతే అప్పుచేసి, పడవ వెనుక పలకకు బిగించే కొత్త ఇంజను కొనాలి. విశాఖ తీరంలోని పెద జాలారిపేటలోనైనా, మంగమారిపేటలోనైనా కొనేవాళ్లు మొదట అడిగేది ‘ఎన్ని హెచ్‌పీ?’ అనే. ఎన్ని కిలోలని అడిగేవాళ్లు తక్కువ. మన చిన్న ఫైబర్ పడవల విషయంలో కిలోల లెక్కే ముందు తేలాలని నా అభిప్రాయం.

ఫిషింగ్ హార్బర్‌లో జెట్టీకి కట్టే మరబోట్లకు కెరటాలను ఆపే గోడల అండ ఉంది. ఇసుక ఒడ్డునుంచి వేటకెళ్లే పడవకు అది లేదు. వెళ్లేటప్పుడు కెరటం ఎదురొస్తుంది, పడవ ముక్కు లేచి దాన్ని ఎక్కేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు అదే కెరటం వెనకనుంచి తరుముతుంది. అప్పటికి పడవలో చేప ఉంది, తడిసి బరువెక్కిన వల ఉంది, అలసిపోయిన కలాసీలు ఉన్నారు. ఇంజను బిగించిన పలక నీటికి జానెడు ఎత్తులోకి దిగిపోయి ఉంటే కెరటం పడవను ఎత్తకుండా లోపలికే దూకుతుంది. ఆ నీళ్లు వెనుకే చేరి పడవను ఇంకా కుంగదీస్తాయి. ఆ క్షణంలో ఇంజను ఆగిపోతే పడవ కెరటానికి అడ్డం తిరుగుతుంది. ప్రాణాలు పోయేది అక్కడే.

చివర వేలాడే బరువును తక్కువగా చూడకూడదు. పడవ మధ్యనుంచి 4 మీటర్ల దూరంలో పెట్టిన 20 కిలోలు, 2 మీటర్ల దూరంలో పెట్టిన 40 కిలోలంతగా వెనుకను కిందికి లాగుతాయి.

టూ స్ట్రోక్ 8 హెచ్‌పీ ఇంజను సుమారు 27 కిలోలుంటుంది, 15 హెచ్‌పీ 36 దాకా. ఫోర్ స్ట్రోక్‌లో 9.9 హెచ్‌పీకే 40 కిలోలు వస్తుంది. పైగా కంపెనీ కాగితంలో రాసే బరువులో ఇంధనం కలవదు. 24 లీటర్ల ట్యాంకు నింపితే పెట్రోలే దాదాపు 18 కిలోలు. సెల్ఫ్ స్టార్టు కావాలంటే బ్యాటరీ మోత అదనం. ట్యాంకును, బ్యాటరీని కాస్త ముందుకు జరిపితే మేలే. ఇంజనును మాత్రం జరపలేం.

పెద్ద ఇంజను కోరుకునేవారి బాధ నాకు తెలియనిది కాదు. చేప దూరం జరిగింది, గుంపు దగ్గరికి ముందు చేరినవాడికే దొరుకుతుంది. కానీ సామానుతో నిండి నీటిని తోసుకుంటూ నడిచే 25 అడుగుల పడవ వేగం గంటకు 12 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అక్కడినుంచి హెచ్‌పీ పెంచితే ముక్కు లేస్తుంది, వెనుక కుంగుతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. వేగం పెద్దగా పెరగదు.

ఫోర్ స్ట్రోక్ ఇంధనం ఆదా చేస్తుంది, నిజమే. వెనుక వెడల్పుగా, ఎత్తుగా ఉన్న పడవకు దాన్నే తీసుకోమంటాను. వెనుక సన్నగా ఉండి, రోజూ ఇంజను విప్పి ఇసుకలో భుజాన మోసుకెళ్లే చోట తేలికైన చిన్న ఇంజనే మంచిది. 27 కిలోలు ఒక్కడు మోస్తాడు, 40 కిలోలకు ఇద్దరు పట్టాలి.

డబ్బు కట్టేముందు ఒక పరీక్ష చేయవచ్చు. కెరటాలు లేని నీటిలో పడవకు పాత ఇంజను, వల, ఐసు, మనుషులు అన్నీ ఎక్కించి, కొత్త ఇంజను ఎన్ని కిలోలు ఎక్కువో అంత ఇసుక బస్తాలో పోసి వెనుక పలకకు కట్టి చూడండి. పలక అంచు నీటికి ఎంత ఎత్తులో నిలిచిందో అప్పుడు కంటికే తెలుస్తుంది.

ఇంత ముఖ్యమైన లెక్కను కొనేవాడి నెత్తిన వదిలేయడం అన్యాయం. సంప్రదాయ పడవలకు మోటార్లు బిగించడానికి సబ్సిడీలు దశాబ్దాలుగా ఇస్తున్నారు. అమెరికాలో 20 అడుగులలోపు మోటారు పడవలకు మనుషులు, మోటారు, సామాను కలిపి ఎంత బరువు మోయగలదో రాసిన ఫలకం తప్పనిసరి. ఫైబర్ పడవ పోసే యార్డుకు తన అచ్చు ఎంత మోస్తుందో తెలుసు. రిజిస్ట్రేషన్ నంబరు ఎలాగూ పడవ పక్కన రాయిస్తున్నారు. వెనుక పలక మీద ‘ఇంజను ఇన్ని కిలోలు దాటకూడదు’ అని తెలుగులో రాయించకుండా సబ్సిడీ ఇవ్వబోమని మత్స్యశాఖ ఒక నిబంధన పెడితే చాలు.