గట్టు మీది పాత చీరకు

పాత చీరా,

నేను క్షేమం. నువ్వెలా ఉన్నావో పొద్దున్నే చూశాను. అంచు చిరిగి, కొంగు బురదలో పడి ఉన్నావు. రాత్రి నీ పక్కనుంచే అడవిపందులు మొక్కజొన్నలోకి దిగాయి. తిన్నది కొంత, తొక్కి పడేసింది అంతకు నాలుగింతలు.

నిన్ను తిట్టడానికి రాయడం లేదులే. నల్లమల అంచున చేను గల ప్రతివాడికీ నువ్వే కాపలా. గట్టు చుట్టూ ఎర్రవి, పచ్చవి, పూలవి వరసగా కట్టేసరికి చేను పెళ్లిపందిరిలా ఉంది. మొదటి వారం పందులు దగ్గరికి రాలేదు. తర్వాత అలవాటు పడ్డాయి. పందికి చూపు మందం, ముక్కు మహా చురుకు. మనమేమో దానికి రంగులు చూపిస్తున్నాం!

వాసనతోనూ ప్రయత్నించాను. సెలూన్‌లో వెంట్రుకలు మూటకట్టి తెచ్చి గట్టంతా చల్లాను. ఒక్క వాన పడింది, అంతే. చుట్టూ నాలుగు వరసలు ఆముదం వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. మంచి మాటే. అది ఎదిగేదాకా మాత్రం నువ్వే నిలబడాలి.

కరెంటు తీగ పెట్టమన్నవాళ్లూ ఉన్నారు. అది పందినీ, పులినీ, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికొచ్చే మనిషినీ ఒకేలా చూస్తుంది. నాకు ధైర్యం చాలలేదు. చాలకపోవడమే మంచిది.

పందికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అండ ఉంది. 2022 సవరణతో అది రెండో షెడ్యూలుకు, అంటే కాపాడాల్సిన జంతువుల జాబితాకు, ఎక్కింది. ఉండాల్సిందే, పులికి తిండి కదా. కానీ పులేమో అడవి లోపల, పందేమో మా చేలో. నీకూ నాకూ ఏ షెడ్యూలూ లేదు.

బీమా సంగతి విన్నావా? 2026 ఖరీఫ్ నుంచి అడవి జంతువులు పాడుచేసిన పంటకూ కేంద్రం పంటల బీమా పథకం ఫసల్ బీమాలో చోటిచ్చారు. ఏ జంతువు, ఏ జిల్లా అన్నది రాష్ట్రం ప్రకటించాలి. నష్టం జరిగిన 72 గంటల్లో, ఎక్కడ తీశామో తెలిసేలా యాప్‌లో ఫొటోలు పెట్టాలి. నాకు మంచె ఎక్కితేనే సిగ్నల్, నష్టం చూస్తే కింద. సరే, ఎలాగోలా పెడతాను. తిన్నది పందా, దుప్పా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పను? నేను కునుకు తీశాను. రాత్రంతా చూసింది నువ్వొక్కదానివే. సాక్ష్యం చెబుతావా?

అసలు సందు ఎలా పడిందో కూడా నీకు తెలుసు. మొన్న మా ఆవిడ చేనికొచ్చి నీ పక్కనున్న నెమలిపింఛం రంగు చీర పట్టుకుని చూసింది. "ఇది మా తమ్ముడి పెళ్లికి కట్టుకున్నది కదా, దీన్నెందుకు తెచ్చినావు?" అంటూ విప్పి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. పందులు సరిగ్గా అక్కడినుంచే వచ్చాయి.

సాయంత్రంలోగా ఆ సందు మూయాలి. బీరువాలో ఇంకేం చీరలున్నాయని ఇంట్లో అడగాలంటే, పందులకంటే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

ఇట్లు,
నీ చేను గలాయన